కారణం దొరికాకే స్పానర్

స్టార్ట్ కాని కారు ముందు మంచి మెకానిక్ మొదట స్పానర్ పట్టడు. తాళం తిప్పమని చెవి ఒగ్గుతాడు. అతని విద్యంతా ఆ వినడంతోనే మొదలవుతుంది. టకటకమని వరుసగా చప్పుడొస్తే బ్యాటరీలో బలం చాలడం లేదనో, టెర్మినళ్లు వదులై తుప్పు పట్టాయనో అనుమానిస్తాడు. లైట్లు నిండుగా వెలుగుతూ ఒక్కసారి ‘టక్’మని ఆగిపోతే చూపు స్టార్టర్ మోటారు వైపు మళ్లుతుంది. ఇంజిన్ చురుగ్గా తిరుగుతూ కూడా అందుకోకపోతే బ్యాటరీని వదిలేసి పెట్రోలు వస్తోందా, స్పార్క్ పడుతోందా అని చూస్తాడు. చాలా పెట్రోలు కార్లలో తాళం ఆన్ చేయగానే ఫ్యూయల్ పంపు రెండు సెకన్లు గుయ్‌మంటుంది. అది వినబడకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి. ఇలా ఒక్కో పరీక్షా కొన్ని అనుమానాలను తుడిచేస్తుంది.

కారులోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ వచ్చాక ఈ నేర్పుతో పనేముందని కొందరంటారు. స్కానర్ గొప్ప సాయమే, కాదనలేం. కానీ లోపం ఏ సర్క్యూట్‌లో కనబడిందో కోడ్ చెబుతుంది గానీ, చెడింది సెన్సరా, తెగిన వైరా, తడిసిన కనెక్టరా అన్నది చాలాసార్లు తేల్చదు. కోడ్ చూసి సెన్సర్ మార్చేస్తే డబ్బు పోయి, లోపం మిగలొచ్చు. బ్యాటరీ మార్చేస్తే సరిపోదా అన్న మాటా అంతే: ఆల్టర్నేటర్ ఛార్జి చేయకపోతే కొత్త బ్యాటరీ కూడా నీరసిస్తుంది. మరోవైపు, మల్టీమీటర్‌లో 12.6 వోల్టులు చూపి బాగున్నట్టే కనిపించిన బ్యాటరీ స్టార్టర్ లాగేటప్పుడు 9 వోల్టుల కన్నా కిందికి జారవచ్చు. అందుకే కారణం తేల్చుకున్నాకే పార్టు మార్చే మెకానిక్ మన డబ్బును కాపాడుతున్నాడు. అతను వెతకడానికి పెట్టిన సమయానికీ కూలి ఉంది. దాని దగ్గర బేరమాడకండి.