ధ్రువుని రెండు కోరికలు

మన ఆలయంలో జరిగే ఆదివారపు తెలుగు తరగతులలో ధ్రువోపాఖ్యానం చెప్పని సంవత్సరం లేదు. తండ్రి ఒడిలో కూర్చోబోయిన అయిదేళ్ళ బాలుణ్ణి సవతితల్లి అడ్డగించడం, అతడు అడవికి పోయి తపస్సు చేయడం, శ్రీహరి ప్రత్యక్షమై అత్యున్నత స్థానాన్ని అనుగ్రహించడం, ఇంతటితో మనం కథ ముగిస్తాము. పిల్లలు చప్పట్లు కొడతారు. ఈ యేడు మాత్రం ఒక చిన్నారి లేచి, "అయితే ఉత్తముడు ఓడిపోయాడా?" అని అడిగింది.

ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. ఉత్తముడు ఎవరితోనూ పోటీ పడలేదు. అయినా ఆ పాపకు కథ ఒక పందెంగా వినిపించిందంటే, లోపం ఆమె వినికిడిలో లేదు. మనం చెప్పిన తీరులో ఉన్నది. "నిన్ను తక్కువ చేసినవారికంటె పైమెట్టు ఎక్కి చూపించు" అన్న పాఠాన్ని మనకు తెలియకుండానే నేర్పుతున్నాము. అందుచేత, పోతనామాత్యుని పుణ్యమా అని తెలుగువారి సొత్తయిన భాగవతంలోని చతుర్థ స్కంధాన్ని మరల చదివాము. మనం కథను ఆపేసే చోటనే దాని అసలు అర్థం మొదలవుతుందని మాకు తోచింది.

ముందుగా బాలునికి తగిలిన గాయాన్ని చూద్దాము. ఉత్తానపాద మహారాజుకు సునీతి, సురుచి ఇద్దరు భార్యలు. ధ్రువుడు సునీతి కొడుకు, ఉత్తముడు సురుచి కొడుకు. నా కడుపున పుట్టనివానికి ఈ ఒడి ఎక్కే అర్హత లేదని సురుచి అన్నది. తండ్రి విని ఊరుకున్నాడు. ఆమె ఎత్తిచూపిన లోపం దిద్దుకోదగినది కాదు. అది పుట్టుకకు సంబంధించినది. ఆత్మవిశ్వాసాన్ని చంపే మాటలన్నీ ఇటువంటివే. మాటతీరు వేరనో, పేరు పలకరాదనో బడిలో నవ్వులపాలైన మన పిల్లలకు, సెలవులకు ఊరికి వెళితే "నీకు తెలుగు రాదు" అనిపించుకొనే మన పిల్లలకు ఈ బాధ వివరించనక్కరలేదు.

పక్కవాడు ఒడిలో ఉన్నాడన్న ఈర్ష్య, తాను అందుకు తగనన్న శంక, ఈ రెండూ ఒకే క్షణంలో పుట్టిన కవలలు. మాత్సర్యాన్ని మన పెద్దలు అరిషడ్వర్గంలో చేర్చారు. వాడుక తెలుగులో దానినే ఓర్వలేనితనం అంటాము. ఈ మాటలో గొప్ప సత్యం ఉన్నది. ఓర్వలేకపోవడం అంటే భరించే శక్తి లేకపోవడం. అసూయ పైకి కోపంలా కనబడినా లోపల అది బలహీనతే.

ఏడుస్తూ వచ్చిన కొడుకుతో సునీతి ఏమన్నది? సవతిని నిందించలేదు. ఇతరులకు కీడు తలపెట్టవద్దు, ఎదుటివారికి కలిగించిన దుఃఖాన్ని మనమే అనుభవించవలసి వస్తుందన్నది. హరిని ఆశ్రయించమన్న సురుచి సలహాలోని మంచిని మాత్రం గ్రహించమన్నది. భర్త ఆదరణకు దూరమైన స్త్రీ నోట ఈ మాట రావడం సామాన్యమైన సంగతి కాదు.

అడవి దారిలో నారదుడు ఎదురై మరింత సూటిగా బోధించాడు. తనకంటె అధికుని చూచి సంతోషించాలి, తక్కువవాని యెడ దయ చూపాలి, సమానునితో స్నేహం చేయాలి. అసూయకు ఇంతకు మించిన మందు మరొకటి లేదు. అయితే ధ్రువుడు ఆ మందును పుచ్చుకోలేదు. పినతల్లి మాటలతో చీలిన తన హృదయంలో ఈ బోధ నిలవడం లేదని నిజం చెప్పేశాడు. నారదుడు కోపగించలేదు, అదే మాట మళ్ళీ చెప్పనూ లేదు. ద్వాదశాక్షరీ మంత్రం ఉపదేశించి, యమునాతీరంలోని మధువనానికి పంపాడు. గాయపడిన మనసుకు నీతి వాక్యం వెంటనే ఎక్కదు. దానికి ముందు ఒక సాధన కావాలి. పిల్లలకు "పోల్చుకోవద్దు" అని నూరుసార్లు చెప్పి అలసిపోయే తల్లిదండ్రులమైన మనం ఈ ఘట్టాన్ని శ్రద్ధగా చదువుకోవాలి.

ఆరు నెలల తపస్సు ఫలించింది. హరి తన శంఖంతో బాలుని చెక్కిలిని తాకి పలుకునిచ్చాడు. అతని మనసులోని సంకల్పం ఎరిగి, ఎవరూ పొందని స్థానాన్ని ఇచ్చాడు. మనం చప్పట్లు కొట్టే చోటు ఇదే. కాని భాగవతం ఇక్కడ ఆగలేదు. కోరినది దొరికినా ధ్రువుడు సంతోషంగా ఇల్లు చేరలేదు. ఎందుచేతనని విదురుడు అడుగగా మైత్రేయుడు కారణం చెప్పాడు. సవతితల్లి మాటల ములుకు ఇంకా గుచ్చుకొని ఉండగా కోరిన కోరిక అది. ముక్తినే ఈయగలవాని ఎదుట నిలిచి, చక్రవర్తిని పొట్టు యాచించిన పేదవాని వలె తాను అల్పమైనది కోరుకున్నానని ధ్రువుడు కుమిలిపోయాడు. సొంత తమ్ముణ్ణి శత్రువుగా తలచానని సిగ్గుపడ్డాడు.

ఈ పశ్చాత్తాపమే ఉపాఖ్యానానికి ప్రాణమని మా అభిప్రాయం. గెలుపు అసూయను చల్లార్చదు. పై స్థానం దక్కిన తరువాత కూడా ములుకు అక్కడే ఉంటుంది. దానిని పెరికివేసినది పదవి కాదు, తన మనసును తాను నిజాయితీగా చూచుకోవడం. పురానికి తిరిగి వచ్చిన ధ్రువుడు సురుచి పాదాలకు నమస్కరించాడు. ఆమె గద్గద స్వరంతో చిరంజీవివి కమ్మని దీవించింది. ధ్రువుడూ ఉత్తముడూ కన్నీళ్ళు కారుస్తూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. మా తరగతిలోని చిన్నారికి సమాధానం ఇక్కడ దొరికింది. ఉత్తముడు ఓడిపోలేదు, అతనికి అన్న తిరిగి దొరికాడు.

గ్రంథంలో మాకు ఒక లోటు కూడా తోచింది. సురుచి అంత కఠినంగా ఎందుకు మాట్లాడింది? ఎత్తయిన చోట ఉన్నవారికి కూడా అది చేజారుతుందన్న భయం ఉంటుంది. ఆమె మనసును గ్రంథం మరికొంత విప్పి ఉంటే బాగుండేది. చివరకు అడవికి వెళ్ళి దావాగ్నిలో పడిపోయిందన్న ముక్కతో ఆమె కథ ముగిసిపోతుంది.

ఇక రెండవ కోరిక. వేటకు వెళ్ళిన ఉత్తముణ్ణి హిమవత్పర్వతం మీద ఒక యక్షుడు చంపాడు. ఒకనాడు శత్రువనుకున్న తమ్ముని కొరకు ధ్రువుడు యక్షులపై దండెత్తి, ఎందరినో సంహరించాడు. ఒకని తప్పుకు ఇందరు నిరపరాధులనా అని తాతగారైన స్వాయంభువ మనువు మందలించాడు. ధ్రువుడు వెంటనే యుద్ధం మానాడు. అయిదేళ్ళ వయసులో నారదుని మాట లోపలికి పోని అతనికే ఇప్పుడు తాత మాట ఒక్కసారికే పోయింది. మనిషి ఎంత మారాడో కొలవడానికి ఇంతకంటె మంచి గుర్తు లేదు. సంతోషించిన కుబేరుడు వరం కోరుకొమ్మన్నాడు. ధనాధిపతి స్వయంగా ఇస్తానంటే, చెదరని హరిస్మరణ చాలునన్నాడు ధ్రువుడు. మొదటి కోరికకు కొలబద్ద ఇతరులు. రెండవ కోరికలో ఇతరులతో పోలికే లేదు.

ఈ కథలో పేర్లు కూడా ఒక పాఠమే. సురుచి అంటే మనసుకు నచ్చేది, సునీతి అంటే మంచి నడవడి. ఉత్తముడు అందరిలో మేటి, ధ్రువుడు చలించనివాడు. మేటి అనిపించుకోవడానికి పక్కన మరొకరు ఉండాలి. చలించకుండా ఉండడానికి ఎవరూ అక్కరలేదు. మన ఇళ్ళ గోడలపై పిల్లల ధ్రువపత్రాలు వ్రేలాడుతున్నాయి. ఆ మాటలోని ధ్రువత్వం పిల్లలలో ఎంత ఉన్నదో ఒకసారి చూచుకోవాలి.

చివరి ఘట్టంలో దివ్యవిమానం ఎక్కిన ధ్రువునికి తల్లి గుర్తుకు వచ్చింది. ఆమెను విడిచి ఎట్లా పోవడం అనుకుంటుండగా, ఆమె మరొక విమానంలో ముందే వెళుతున్నదని విష్ణుకింకరులు చూపించారు. అందరికంటె పైన ఉండాలని బయలుదేరిన బాలుడు, తనకంటె ముందు వెళుతున్న తల్లిని చూచి ఆనందించాడు.

ధ్రువనక్షత్రం హైదరాబాదులో దిఙ్మండలానికి సుమారు 17 డిగ్రీల ఎత్తున కనబడుతుంది. ఇక్కడ న్యూజెర్సీలో సుమారు 40 డిగ్రీల ఎత్తున. చూచేవారు ఉన్న చోటును బట్టి ఎత్తు మారినట్లు తోస్తుంది గాని నక్షత్రం తన చోటు వదలదు. ఈసారి పిల్లలకు దానిని చూపినప్పుడు, అది ఎంత ఎత్తున ఉన్నదో చెప్పడంతో ఆపకుండా, అక్కడికి చేరినవాడు దారిలో దేనిని విడిచిపెట్టాడో కూడా చెబుదాము.