పన్నెండో అంకె

కంప్యూటర్ సిస్టమ్ అంటే సర్వర్లూ నెట్‌వర్కులూ అనుకుంటాం. సైదాబాద్‌లో జూన్ నెలలో ఆదాయం సర్టిఫికెట్ కోసం మీసేవ కౌంటర్ ముందు నిలబడితే, సగం సిస్టమ్ ఆ ఆపరేటర్ వేళ్లల్లోనే ఉందనిపిస్తుంది నాకు.

ఒక్కో బిల్లుకు ఒక్కో ఆఫీసు, ఒక్కో లైను ఉన్న రోజుల్లో, 1999 డిసెంబరులో, బంజారాహిల్స్‌లో ట్విన్స్ పేరుతో ఒక ప్రయోగం చేశారు. కరెంటు, నల్లా, ఇంటి పన్ను అన్నీ ఒకే కౌంటర్లో. 2001లో అదే ఈసేవ అయింది. 2011లో మీసేవ వచ్చింది. లైను తగ్గిందని అందరం సంతోషించాం. లోపల జరిగింది మాత్రం అంతకంటే పెద్ద పని: ఏ శాఖకు ఆ శాఖ దాచుకున్న రిజిస్టర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలైంది. తగాదా కూడా అక్కడే మొదలైంది.

పదో తరగతి మెమోలో లక్ష్మికి కె, ఎస్, హెచ్. ఆధార్‌లో అదే లక్ష్మికి ఎక్స్. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. మనకు ఒకే పిల్ల, మెషీన్‌కు ఇద్దరు.

ఆధార్ నంబరుకు ఈ బాధ తక్కువ. పన్నెండో అంకె ముందున్న పదకొండింటి నుంచి లెక్కగట్టి పెట్టింది. 1969లో వెర్హూఫ్ అనే డచ్ గణితవేత్త చెప్పిన పద్ధతి అది. ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా లెక్క కుదరదు, అక్కడే దొరికిపోతుంది. పేరుకు అలాంటి కాపలా అంకె లేదు. ఏం కొడితే అదే పేరు.

అందుకే ఆధార్ నమోదు కేంద్రాల్లో మనవైపు తిరిగి ఉండే రెండో తెర తప్పనిసరి చేశారు. మన వివరాలు మనమే చూసుకోవాలని. చాలా మంచి నిబంధన. ప్రతి కౌంటర్‌కూ పెట్టాలంటాను.

మొన్న మీసేవ కౌంటర్లో ఆపరేటర్ కుర్రాడు తన తెరనే ఒకావిడ వైపు తిప్పి, "అమ్మా, పేరు సరిగ్గుందా చూడండి" అన్నాడు.

"నాకేం తెలుస్తది బిడ్డా, ఇంగ్లీషుల ఉన్నది. నువ్వే చదువు."

వెనక లైను గొణుగుతోంది. అతను మెమో తీసి పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకి చదివాడు, ఇంటిపేరుతో సహా. ఆ తర్వాతే సబ్మిట్ నొక్కాడు.