‘గబ్బిలం’ కావ్యంలో శ్రమ - నిరీక్షణ: క్రైస్తవ వేదనాదృష్టి నుంచి పరిశీలన

వ్యాస సంగ్రహం:
బాధకు అర్థం ఉందని నమ్మే క్రైస్తవ దృష్టి, అన్యాయాన్ని సహించమని బోధిస్తుందా అన్న ప్రశ్నను గుఱ్ఱం జాషువ ‘గబ్బిలం’ ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది. తెలుగు బైబిలులోని ‘శ్రమ’, ‘నిరీక్షణ’ అనే పదాలు ఈ పరిశీలనకు ఆధారం.

కీలక పదాలు: జాషువ, గబ్బిలం, శ్రమ, నిరీక్షణ, కర్మ, సిలువ.

1. ప్రవేశిక

జాషువ (1895-1971) వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. ఆయన ‘గబ్బిలం’ (1941) సాంఘిక నిరసన కావ్యంగా ప్రసిద్ధి పొందింది. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మొదటిదాన్ని ధిక్కారానికీ రెండవదాన్ని భక్తికీ పరిమితం చేసి చదివితే, ఈ రెంటినీ కలిపే వేదన మరుగున పడుతుంది. జాషువ తనకు పేదరికం, కులమత భేదం ఇద్దరు గురువులని చెప్పుకున్నారు. మొదటిది సహనాన్ని, రెండవది ఎదిరించే శక్తిని ఇచ్చాయన్నది ఆయన మాటల సారాంశం. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఎలా నిలుస్తాయన్నదే ఇక్కడి ప్రశ్న.

2. శ్రమ: ఒక పదం, రెండు అర్థాలు

వ్యవహారంలో ‘శ్రమ’ అంటే కాయకష్టం. తెలుగు క్రైస్తవ పరిభాషలో అదే పదానికి ఉపద్రవం, హింస, వేదన అని అర్థం. రోమా పత్రిక 5వ అధ్యాయంలో శ్రమ నుంచి ఓర్పు, ఓర్పు నుంచి పరీక్ష, పరీక్ష నుంచి నిరీక్షణ కలుగుతాయన్న క్రమం కనిపిస్తుంది. ‘గబ్బిలం’ నాయకుని జీవితంలో ఈ రెండు అర్థాలూ ఒకటైపోయాయి. అతని రెక్కల కష్టం లేనిదే పైరు పండదు. లోకానికి అన్నం పెట్టే అతనికే తిండి లేదు. అతని కష్టఫలాన్ని ఇతరులు అనుభవించడం వల్లనే కాయకష్టం వేదనగా మారింది. కాబట్టి ఈ వేదనకు మూలం సామాజికం.

3. కర్మ వివరణకు తిరస్కారం

నాయకుని దుఃస్థితికి సమాజం ఇచ్చే సమాధానం పూర్వకర్మ. ఆ సిద్ధాంతం పేదవాని నోరు మూయించి, అతని సంపదను దోచుకోవడానికి ఉపయోగపడుతోందని జాషువ నిరసించారు. ఈ సందర్భంలో రెండు బైబిలు ఘట్టాలను పోల్చవచ్చు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివానిని చూసి, పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడుగుతారు. యేసు రెంటినీ కాదంటాడు. యోబు గ్రంథంలోనూ, బాధితుని పాపమే అతని బాధకు కారణమని వాదించిన స్నేహితులను దేవుడు చివరకు మందలిస్తాడు. జాషువ ఈ ఘట్టాల నుంచే ప్రేరణ పొందారని చెప్పడానికి కావ్యంలో ప్రత్యక్షాధారం లేదు. అయితే బాధితుని దోషిగా నిలబెట్టే వివరణను తిరస్కరించడంలో సామ్యం స్పష్టం.

4. నిరీక్షణ: ఎదురుచూపు, ఆశ

‘నిరీక్షణ’కు సాధారణార్థం ఎదురుచూపు, తెలుగు బైబిలులో అది ‘ఆశ’కు పర్యాయం. కాళిదాసు యక్షుడు మేఘం ద్వారా ప్రియురాలికి సందేశం పంపితే, జాషువ నాయకుడు గబ్బిలం ద్వారా శివునికి తన మొర పంపుతాడు. తనకు ప్రవేశం లేని గుడిలో గబ్బిలానికి చోటుంది. పూజారి లేని వేళ చూసి విన్నవించమని అతడు కోరడంలో వ్యంగ్యంతో పాటు ఒక దృఢ విశ్వాసం కూడా ఉంది: అడ్డుపడేది మనిషే, దేవుడు వినగలడు. ఫిర్యాదు చేసేవాడు న్యాయం సాధ్యమని నమ్ముతాడు. యోబు దేవునితో వాదించినట్లే, ఇతని మొర కూడా ఆశకు రూపమే. అయితే ఇతడు మొరపెట్టుకున్నది శివునికి. అందువల్ల నాయకుని క్రైస్తవునిగా చిత్రించడం కావ్యానికి అన్యాయం చేయడమే అవుతుంది.

5. సిలువ: మోసిన బరువు, మోపిన బరువు

సిలువ రోమను రాజ్యం విధించిన శిక్ష. క్రీస్తు దానిని పరుల కోసం స్వీకరించాడన్నది క్రైస్తవ విశ్వాసం. అస్పృశ్యతను ఎవరూ స్వీకరించలేదు. అది పుట్టుకతోనే మోపిన బరువు. ఈ భేదాన్ని విస్మరించి, కులబాధను ‘నీ సిలువ’గా భావించి మోయమని బోధిస్తే, కర్మ సిద్ధాంతమే వేరొక పేరుతో తిరిగి వస్తుంది. సిలువపై క్రీస్తు సైతం, దేవుడు తనను ఎందుకు విడిచాడని ప్రశ్నించాడని మార్కు సువార్త 15వ అధ్యాయం తెలుపుతుంది. ప్రశ్నించడం విశ్వాసానికి విరుద్ధం కాదనడానికి ఇంతకన్న బలమైన ఆధారం అక్కరలేదు. సిలువ పీడితునికి ఇచ్చే ఓదార్పు, దేవుడు బాధితుని పక్షాన ఉన్నాడన్న ఎరుక. బాధ మంచిదన్న బోధ కాదు.

6. ముగింపు

‘గబ్బిలం’లో బాధకు తనంతట తానుగా విలువ లేదు. దానిని మాటగా మార్చి, వినగలవాని ముందు నిలిపినప్పుడే అది అర్థవంతమవుతుంది. సహనం ఆ మాట పలికేవరకు మనిషిని నిలబెడుతుంది. ధిక్కారం ఆ మాటకు గొంతునిస్తుంది. జాషువ చెప్పిన ఇద్దరు గురువుల పాఠాలు కలిసే చోటు ఇదే. ఈ కోణంలో ‘గబ్బిలం’, ‘క్రీస్తు చరిత్ర’ కావ్యాలను పక్కపక్కన ఉంచి బోధించినప్పుడు, తెలుగు దళిత క్రైస్తవ సాహిత్యంలో భక్తికీ నిరసనకూ మధ్య గీసిన గీత ఎంత పలుచనిదో విద్యార్థులకు తెలుస్తుంది.