మీకు తెలుసు కదా

పాల్ కలానిధి ‘వెన్ బ్రెత్ బికమ్స్ ఎయిర్’ 2016లో వచ్చింది. అప్పట్నుంచి దాని గురించి మాట్లాడేవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట ఆగుతారు. ముప్పై ఏడేళ్లకే పోయిన న్యూరోసర్జన్, ఎనిమిది నెలల పాప, సగంలో ఆగిన పుస్తకం, భార్య లూసీ రాసిన చివరి అధ్యాయం. కళ్లు తడవకుండా దాన్ని ముగించడం కష్టమే. నేను మాత్రం ఇంకో చోట ఆగాను. చావుకి చాలా ముందు, ఒక మాత్ర దగ్గర.

కలానిధి తను పనిచేసిన ఆసుపత్రిలోనే పేషెంటుగా చేరతాడు. జూనియర్ డాక్టర్ మందుల లిస్టు చూసి, లివర్ రిపోర్టు బాలేదని క్యాన్సర్ మాత్ర కొట్టేస్తాడు. అది ఆగితే ఏమవుతుందో కలానిధికి తెలుసు. చెప్తాడు, వాదిస్తాడు. అవతలివాడు వినడు. ఆ కుర్రాడి లెక్కలో తను పూర్తిచేయాల్సిన ఒక పని మాత్రమేనని కలానిధికి అప్పుడు అర్థమవుతుంది. పుస్తకమంతటిలో నాకు అన్నిటికంటే నిజమైన పేజీలు అవే. తత్వం లేదు, ఎలియట్ లేడు, బెకెట్ లేడు. తెలుసు, కానీ తెలిసినా లాభం లేదు. అంతే.

నేను ఎల్‌బీ నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మెడ పక్కన గడ్డ లేచింది. సూదితో తీసిన శాంపిల్ మా ల్యాబ్‌కే వచ్చింది. రెండు గంటల్లో మెషిన్ తేల్చేసింది: టీబీ. డాక్టర్ కంటే ముందు ఆ లైన్ నేనే చదివాను. కలానిధి పుస్తకం మొదలయ్యేదీ ఇలాగే, తన సీటీ స్కాన్ తనే చూసుకుంటూ. ఆ పోలిక అక్కడితో ఆగిపోతుంది. ఆయన స్కాన్ చూసి, తర్వాత ఏం జరుగుతుందో కూడా చదవగలడు. నాకు రిపోర్టు వరకే తెలుసు. ‘డిటెక్టెడ్’ అని కొన్ని వందలసార్లు ప్రింట్ తీసి ఉంటాను. ఆ కాగితం తీసుకెళ్లినవాళ్ల ఆరు నెలలు ఎలా గడుస్తాయో ఎప్పుడూ చూడలేదు.

రెండో నెలలో గడ్డ తగ్గాల్సింది పోయి పెరిగింది. మందు పనిచేయట్లేదనుకున్నాను. మొండి టీబీ అనుకున్నాను. మా ఆసుపత్రి కారిడార్‌లో ఒక డాక్టర్‌ని ఆపి అడిగితే, నడుస్తూనే, “మీకు తెలుసు కదా, కోర్సు వాడండి” అన్నారు. చెడ్డమనిషి కాదు. నన్ను తమలో ఒకరిగా లెక్కేశారు. ఆ గౌరవంతో నేను వారం రోజులు నిద్రపోలేదు.

స్టాఫ్‌కి జబ్బు చేస్తే జరిగేది ఇదే. బయటి పేషెంటుకి చెప్పే మాటలు మనకి చెప్పరు. మూత్రం నారింజ రంగులో వస్తుందని, ఒక మాత్ర వల్ల చూపులో తేడా వస్తే వెంటనే రావాలని, గడ్డ టీబీ ఊపిరితిత్తుల టీబీలా గాలిలో అంటుకోదని, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ రూమ్మేట్లకి భయపడక్కర్లేదని. అన్నీ తెలుసనుకుంటారు. తెలియదని ఒప్పుకోవడానికి మనకీ నామోషీ. ఇద్దరి మధ్యా మర్యాదగా ఒక మౌనం కూర్చుంటుంది.

అందుకే కలానిధి పుస్తకంలో ఎమ్మా అనే ఆంకాలజిస్టు నాకు అసలైన పాత్ర అనిపిస్తుంది. మొదట్లో ఆమె అతన్ని సాటి డాక్టర్‌గా చూస్తుంది, నిర్ణయాల్లో కలుపుకుంటుంది. అతను బాగా నీరసించాక, కావాలంటే డాక్టర్ పని మొత్తం తనకే వదిలేయొచ్చంటుంది. ఆ బరువు దించుకోవచ్చన్న ఆలోచనే అప్పటిదాకా అతనికి రాలేదు. విమర్శకులు ఈ చిన్న సందర్భాన్ని దాటేసి చివరి పేజీలకు పరుగెత్తుతారు. నా లెక్కలో పుస్తకం బరువంతా ఇక్కడుంది. తెలిసినవాడికి ఇవ్వగలిగిన పెద్ద సాయం, కాసేపు తెలియనివాడిగా ఉండనివ్వడం.

నాకా సాయం ఎవరూ అనుకుని చేయలేదు, అనుకోకుండా దొరికింది. ఈఎస్‌ఐ జీతం పరిమితి 2017 జనవరి నుంచి నెలకు 21 వేలు. నా జీతం అంతకు లోపే. అంటే నేను రోజూ పనిచేసే ఆసుపత్రి వేరు, జబ్బు చేస్తే నాకు హక్కున్న ఆసుపత్రి వేరు. రెండూ ఒకే మెట్రో లైన్ మీదున్నాయి. ఎల్‌బీ నగర్ మొదటి స్టేషన్ అయితే ఈఎస్‌ఐ హాస్పిటల్ పంతొమ్మిదోది. కలానిధిని చాలా వరకు ఆ దారిలోనే చదివాను. అక్కడ నేను క్యూలో ఒక నంబర్ని. ఏం పని చేస్తానో డాక్టర్ అడగలేదు, నేను చెప్పలేదు. మందులు పనిచేస్తున్నప్పుడే గడ్డ కొన్నాళ్లు పెరగొచ్చని, శరీరం ఎదురుతిరగడం వల్ల అలా జరుగుతుందని, ఆపకూడదని రెండు నిమిషాల్లో చెప్పారు. తెలియనివాళ్లకి చెప్పినట్టు చెప్పారు. హాయిగా అనిపించింది.

కలానిధి పుస్తకం మీద నా ఫిర్యాదు ఇక్కడే. ఆయన గోడకి అవతలి వైపు వెళ్లిన మాట నిజం. కానీ తన పేరు, తన చదువు, తనకి నచ్చిన డాక్టర్‌ని ఎంచుకునే వీలు అన్నీ వెంట తీసుకెళ్లాడు. మాత్ర కొట్టేసిన ఆ ఒక్క రాత్రి అవేవీ పనిచేయలేదు. ఆయనకి ఒక రాత్రి జరిగింది నర్సులకీ, టెక్నీషియన్లకీ, వార్డుబాయ్‌లకీ రోజూ జరుగుతుంది. పుస్తకంలో నర్సులున్నారు, దయగా ఉన్నారు. వాళ్లకి జబ్బు చేస్తే ఎక్కడికి వెళ్తారన్నది ఆ పుస్తకం అడగదు.

మనవాళ్లూ అడగలేదు. తెలుగులో డాక్టర్ రచయితలకి కరువేం లేదు. కొమ్మూరి వేణుగోపాలరావు ‘హౌస్ సర్జన్’ చదివి డాక్టరు కావాలనుకున్న తరం ఉంది. కాలానిధి పోయిన 2015లోనే మనం కేశవరెడ్డిని పోగొట్టుకున్నాం. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో దశాబ్దాలు పనిచేసిన మనిషి. ఆయన నవలలు ఎక్కువగా ఊళ్లోకీ, మాలపల్లెలోకీ, అడవిలోకీ వెళ్లాయి. ఆసుపత్రి గురించి రాసినప్పుడు మన కథ డాక్టర్ భుజం మీద నుంచి చూస్తుంది, లేదంటే పేషెంటు మంచం మీద నుంచి. రక్తం గొట్టం పట్టుకుని మధ్యలో నడిచే మనిషి వైపు నుంచి చూడదు. సినిమాలో అయితే నర్సు కరుణ, లేదా కామెడీ.

చైతన్యపురి నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో కిటికీలోంచి ఆసుపత్రుల, డయాగ్నొస్టిక్ సెంటర్ల బోర్డులు లెక్కపెట్టుకోవచ్చు. గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ స్థలంలో ‘టిమ్స్’కి 2022లో శంకుస్థాపన జరిగింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో పారామెడికల్ చదువుకునే అమ్మాయిలు, అబ్బాయిలు ఎంతమందో. ఇంత పెద్ద జనాభా, ఒక్క పుస్తకం లేదు.

కలానిధిని తప్పకుండా చదవండి. చివరి పేజీలకు ఏడవండి, తప్పు లేదు. కానీ ఆ మాత్ర దగ్గరా, ఎమ్మా దగ్గరా కాస్త నిదానించండి. ఆ తర్వాత మీ ఇంట్లోనో, పక్క రూములోనో ఆసుపత్రి యూనిఫాం వేసుకునే మనిషికి జబ్బు చేస్తే, “నీకు తెలుసు కదా” అనకండి. ఏం తెలుసో, ఏం తెలియదో అడగండి.