ముదురు రంగు వేసే చేయి

లేత రంగు గోడ మీద చిన్నచిన్న లోపాలు కలిసిపోతాయి. ముదురు గోడ మీద ఏదీ దాగదు. అందుకే బొగ్గు రంగో, ముదురు నీలమో, నాచుపచ్చో నున్నగా పరుచుకున్న గదిలోకి వెళ్తే, అది వేసిన పెయింటర్‌కు ముందుగా దండం పెట్టాలనిపిస్తుంది.

ఆయన పని డబ్బా మూత తీయకముందే మొదలవుతుంది. పాత పెచ్చులు గీకి, పగుళ్లు పూడ్చి, పుట్టీ పెట్టి, ఆరాక ఎమరీ పేపరుతో రుద్దుతారు. గోడకు పక్కగా బల్బు పట్టి చూస్తారు, అరచేత్తో తడుముతారు. కంటికి అందని గుంట వేళ్లకు దొరుకుతుంది. ప్రైమర్‌లో కాస్త బూడిద రంగు కలుపుతారు, పై రంగు వెనక నుంచి తెలుపు తొంగిచూడకుండా.

ఇక రోలర్. ఒక పట్టీ తడి ఆరకముందే పక్క పట్టీ దానితో కలవాలి. ఆలస్యమైతే చార పడుతుంది. తర్వాత అక్కడొక్కచోటే దిద్దితే అతుకు కనిపిస్తుంది. అందుకే మొదలుపెట్టిన గోడను మధ్యలో ఆపరు. రెండు పూతలు చాలకపోతే మూడోది వేస్తారు.

ముదురు గోడ వెలుతురును తాగేస్తుంది. దాని ముందు ఇత్తడి దీపం, టేకు తలుపు, కొండపల్లి బొమ్మ మరింత వెలుగుతాయి. జాజు పూసిన అరుగు మీద తెల్లముగ్గు పెట్టిన మన ఊళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

కూలి మాట్లాడేటప్పుడు రంగు వేసే రోజులతో పాటు గోడను సిద్ధం చేసే రోజులకూ నిండుగా విలువ కట్టండి. అందం తయారయ్యేది అప్పుడే.