పలక లేని అక్షరాభ్యాసం

నా నవలల్లో నాయికలు మరీ నిట్టూరుస్తున్నారని ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. నిజమేనేమో, ఎన్నిసార్లో లెక్కపెడదామని కూర్చుంటే నూరో పేజీకి నాకే నిట్టూర్పు వచ్చింది. "ఆ లెక్క కంప్యూటరు చేత చేయించు పిన్నీ, లిస్ప్ నేర్చుకో" అన్నాడు మా అక్కయ్య కొడుకు. బి.ఏ. చదువుకున్నదాన్ని, ఈ వయసులో నాకిదేం చదువురా అంటూనే పుస్తకం తెప్పించుకున్నాను.

నిజం చెప్పొద్దూ, భాష నచ్చింది. 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన భాష అది. వ్యాకరణం వేలెడంత. ప్రతి వాక్యాన్నీ కుండలీకరణాల్లో పెట్టాలి. ముందు క్రియ, తరవాత తక్కినవి. "కలుపు, రెండు, మూడు" అన్నట్టన్నమాట. క్రియను చివర పెట్టుకునే మనకి వాక్యం తలకిందులుగా నుంచున్నట్టుంటుంది గానీ, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

చిక్కల్లా మూడో పేజీలో వచ్చింది. "ఇప్పుడు మీ ఎడిటరు తెరవండి" అని ఒక్క వాక్యం రాసి, రచయిత ముందుకి సాగిపోయాడు. నేను మాత్రం అక్కడే నాలుగు రోజులు కూలబడ్డాను.

ఎడిటరంటే నాకు తెలిసింది నా కథలు తిప్పి పంపే పెద్దమనిషి! ఇక్కడేమో ప్రోగ్రాము టైపు చేసే సాధనమట. లిస్ప్ రాసేవాళ్ళలో చాలామంది వాడేది ఈమాక్స్ అంటే అదే తెరిచాను. నవలలు టైపు చేసుకునే అలవాటు కొద్దీ కంట్రోలుతో సి నొక్కితే కాపీ కాలేదు. అది సగం ఆజ్ఞేనట, తక్కిన సగం కోసం కాచుక్కూర్చుంది. వి నొక్కితే అతికించడం మానేసి పేజీ జరిపేసింది. సహాయం చదివితే 'మెటా' మీట నొక్కమంది. కీబోర్డంతా గాలించినా ఆ పేరుగల మీట లేదు! అది ఆల్ట్ మీటేనని తెలిసేసరికి పొద్దుగూకింది.

ఈమాక్స్‌ని తిట్టడం న్యాయం కాదు. అది 1976లో ఎం.ఐ.టి.లో పుట్టింది. మన చేతులకి అలవాటైన మీటలు ఆ తరవాత స్థిరపడ్డవి. అప్పటి కొన్ని కీబోర్డుల మీద మెటా మీట నిజంగానే ఉండేది. చెయ్యి తిరిగినవాళ్ళకి ఈమాక్స్ పాత గరిటెలా ఒదిగిపోతుంది. ఏ కుండలీకరణానికి ఏది జతో కూడా చూపిస్తుంది. నా ఫిర్యాదు దానిమీద కాదు, పుస్తకం మీద. వీణ నేర్పే పంతులమ్మ మొదటిరోజే "తీగలు నువ్వే శ్రుతి చేసుకో" అంటుందా? తనే శ్రుతి చేసిచ్చి సరళీ వరసలు పట్టిస్తుంది.

ఈ మర్మం తెలిసినవాళ్ళు లేకపోలేదు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు గణితాచార్యులు, సైన్సు చదవని నాలాంటి విద్యార్థులకీ అందాలని బేసిక్ భాష తయారుచేశారు. నంబరు వేసి వాక్యం కొట్టడం, తప్పయితే అదే నంబరుతో మళ్ళీ కొట్టడం, 'రన్' అనడం. వేరే ఎడిటరు పాఠం లేదు. అంతెందుకు, లిస్ప్ కుటుంబంలోనే రాకెట్ అనే భాషకి డాక్టర్‌రాకెట్ ఉంది. పైన రాత, కింద ఫలితం, 'రన్' అని ఒక బొత్తాం. మా వాడు చివరికి అదే పెట్టిచ్చాడు. పది నిమిషాల్లో రెండూ మూడూ కలిపి అయిదు చేశాను.

నవ్వకండి. ఆ నాలుగు రోజులూ నాకు భాష రావడం లేదనే అనుకున్నాను. నిజానికి భాష దాకా నేను వెళ్ళనేలేదు! మా వాడు లేకపోతే "లెక్కలు మనకెక్కడొస్తాయిలే" అని పుస్తకం అటకెక్కించేదాన్ని. అలా మూడో పేజీలోనే పుస్తకం మూసేసి, లోపం తమదేననుకున్న ఆడవాళ్ళెందరో!

అక్షరాభ్యాసంనాడు పళ్ళెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టి దిద్దిస్తాం. కాగితం, కలం సంగతి తరవాత. పుస్తకం రాసే పెద్దలు ఆ పళ్ళెం కోసం ఒక్క పేజీ కేటాయిస్తే చాలు.

అన్నట్టు, నిట్టూర్పులు 47. ఆ పాఠకురాలికి క్షమాపణలు చెప్పుకుంటూ జవాబు రాశాను.