రక్తం రాని చిగుళ్ళు

మస్కట్‌లో, రువీలోని మా పళ్ళ క్లినిక్ శుక్రవారం సాయంత్రాలు మనవాళ్ళతో నిండిపోతుంది. సైట్లకు సెలవు ఆ రోజే కదా. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళు చెప్పే మాట దాదాపు ఒకటే: "బ్రష్ పెడితే నెత్తురొస్తుంది సార్, గందుకే ఆడ తోముడు బంద్ జేసిన."

నెత్తురొచ్చే చోటే తోమాలంటే అనుమానంగా చూస్తారు. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్ళు తోమడం మాన్పించింది. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెడితే వారం రోజుల్లో తగ్గాయి. ఈ ముక్క చెప్పాక కొందరు మెత్తబడతారు.

తోమని చోట పేరుకున్న పాచి ముదిరేకొద్దీ చిగుళ్ళ కింద, గాలి చొరని చోట, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బాక్టీరియా చేరుతుంది. 2011లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో అది మొత్తం సూక్ష్మజీవుల్లో 0.01 శాతం కూడా లేకుండానే పళ్ళను పట్టి ఉంచే ఎముకను కరిగించింది. తోటి బాక్టీరియా లేని ఎలుకల్లో మాత్రం ఏమీ చేయలేకపోయింది. అది తెల్లకణాల చంపే శక్తిని అణచి, వాపును మాత్రం తగ్గనివ్వదు; ఆ వాపులో చితికిన ప్రోటీన్లే దానికీ, దాని పక్కవాటికీ మేత. తెల్లకణాలు వస్తూనే ఉంటాయి, వాటి ఎంజైములు మన కణజాలాన్నే తింటాయి, ఎముకను కరిగించే కణాలు పనిలోకి దిగుతాయి. కంచే చేను మేయడమంటే ఇదే.

మత్రా సూక్‌లో దొరికే మిస్వాక్ పుల్ల మంచిదేనా అని అడుగుతుంటారు. మంచిదే. ఆ పుల్ల వచ్చే అరాక్ చెట్టు వేరులోని బెంజైల్ ఐసోథయోసయనేట్ ఈ రకం బాక్టీరియాను చంపుతుందని స్వీడన్ పరిశోధకులు 2011లో చూపారు. వేపపుల్లకు అలవాటైన చేతికి అది ఇట్టే పట్టుబడుతుంది కూడా. కానీ ముందుపళ్ళు మెరుస్తాయి, దవడపళ్ళ లోపలి వైపు పాచి అలాగే ఉంటుంది. దాన్ని రుద్ది తీయాల్సిందే.

నాకు అసలు భయం రక్తం రాని చిగుళ్ళంటే. సిగరెట్ తాగేవాళ్ళకు పొగ రక్తస్రావాన్ని అణిచేస్తుంది. చిగుళ్ళు పాలిపోయి నిమ్మళంగా కనిపిస్తాయి. చిగురు లోతు కొలిచే ప్రోబ్ దించితే మూడు మిల్లీమీటర్ల లోపు ఆగాల్సింది ఆరేడు దాకా దిగిపోతుంది. అలాంటి మనిషి సిగరెట్ మానేస్తే కొన్ని వారాలకు రక్తం కనిపిస్తుంది. "మీరు జెప్పిన్రని బంద్ జేస్తే గిప్పుడు నెత్తురేంది సార్?" అని తగువుకొస్తాడు. అందుకే మానమని చెప్పే రోజే ఈ సంగతీ చెప్పేస్తున్నాను, లేకపోతే మళ్ళీ పెట్టె కొంటాడు.